మా పాలకేంద్రం ప్రెసిడెంటు గారు

వార్షిక సంచికకు వ్యాసం కావాలని అడిగినప్పుడు తెలుగు అధ్యాపకుడి నుండి ఏ ప్రబంధకవిని గురించో, ఏ శతకాన్ని గురించో నాలుగు మాటలు ఆశించడం సహజం. ఇంతకుముందు నేనూ అలాగే వ్రాశాను. ఈసారి ఏ సాహిత్య చరిత్రలోనూ కనిపించని ఒక పాడిరైతును గురించి వ్రాయదలచాను. ఆయన కీర్తిశేషులై రెండేళ్ళు నిండాయి. వారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. తాము అధ్యక్షులుగా ఉండగా కట్టిన పాలకేంద్రం గదికి శిలాఫలకం వేయిస్తామని ఊరివారు వెళ్ళి అడిగితే, "ఆ రాతికయ్యే ఖర్చుతో గోడకు ఇంకో పూత సున్నం వేయించండి, పాలుండే చోటు తెల్లగా ఉంటుంది" అని పంపివేసిన మనిషి. వారు లేనప్పుడు చూసి ఆ పేరును అచ్చువేయించడం నాకు న్యాయమనిపించలేదు.

మా ఊరు రేపల్లె ప్రాంతంలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల చివరి భాగంలో ఉంది. నా బాల్యంలో అది గుంటూరు జిల్లా. 2022 నుండి బాపట్ల జిల్లా. సముద్రం దగ్గర కావడం వలన బావి త్రవ్వితే ఉప్పునీరు పడుతుంది. కాలువ నీటితో వరి పండుతుంది. కోతల ముందు మాగాణిలో మినుము, పిల్లిపెసర చల్లుతారు. భూమి ఉన్నవారికి వరి ఆధారమైతే, లేనివారికి గేదె ఆధారం. మా వీధిలోని ముస్లిం కుటుంబాలలో ఎక్కువమంది రెండవ కోవకు చెందినవారు. దళితవాడ పరిస్థితీ అంతే.

కోస్తా గ్రామాలలో చట్టం సర్పంచ్ అని పిలిచే వ్యక్తిని ప్రజలు ప్రెసిడెంటు అనే పిలుస్తారు. పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి అధ్యక్షుడైన వ్యక్తి కూడా వారి నోట ప్రెసిడెంటే. ఈయన రెండూ అయ్యారు. 1995 పంచాయతీ ఎన్నికలలో సర్పంచ్‌గా గెలవడానికి చాలా ముందే పాల సంఘానికి అధ్యక్షులు. అందువలన ఊళ్ళో ఎవరైనా "ప్రెసిడెంటు గారు రమ్మంటున్నారు" అంటే, "ఊరి పనికా, పాల పనికా?" అని తిరిగి అడిగి తెలుసుకోవలసి వచ్చేది. ఊరి పనికైతే చొక్కా మార్చుకొని వెళ్ళేవారు. పాల పనికైతే ఉన్నపళంగా వెళ్ళేవారు.

పాడి మీద వారికి పట్టుదల కలిగింది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాతనని మా పెద్దలు చెప్పగా విన్నాను. దివిసీమలోనూ ఆ పరిసర తీరంలోనూ పదివేలమందికి పైగా మనుషులను, లెక్కకు అందని పశువులను పొట్టన పెట్టుకున్న ఉప్పెన అది. మా ఊరిలో కొట్టాలలో కట్టివేసి ఉన్న గేదెలు కట్టుగొయ్యల దగ్గరే మునిగి చనిపోయాయట. పలుపులు కోసి వదిలిన వాటిలో కొన్ని ఈదుకుంటూ గట్టెక్కాయట. గేదె ఈదగలదు, దానిని ముంచింది ముడి. ఆనాటి నుండి ఆయన కొట్టంలో ప్రతి పలుపుకూ జారుముడే. చీకట్లో కూడా ఒక్క గుంజుకు ఊడిపోవాలి. కొత్త పాలేరు ఎవరైనా గట్టి ముడి వేస్తే ఆ రోజు కొట్టం దద్దరిల్లేది. వారికి కోపం ఎక్కువ. ఈ సంగతి కూడా చెప్పకపోతే నేను వ్రాసేది శిలాఫలకమే అవుతుంది.

పాల సంఘం రాకముందు మా ఊరి పాలు దళారీల చేతిలో ఉండేవి. కరువు నెలలలో కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, ఆ తరువాత ఏడాదంతా ధర తామే నిర్ణయించి, రేపల్లె, తెనాలి హోటళ్ళకు చేరవేసేవారు. పాలలో వేలు ముంచి తీసి, జారే తీరు చూసి, చిక్కదనం చెప్పేవారు. ఆ వేలు ఎవరిదో వారిదే న్యాయం. 1960ల చివర యునిసెఫ్ సహాయంతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం వచ్చింది. 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. ఊరిలో సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో సమాఖ్య అనే ఆనంద్ పద్ధతి మా వైపుకు ఆ విధంగా చేరింది. ఇరవైమందిని పోగుచేసి మా ఊరి సంఘాన్ని నమోదు చేయించినవారు ఈయనే.

అటుపిమ్మట కొద్దికాలానికి రైతుల బృందంతో కలిసి గుజరాత్‌లోని ఆనంద్ చూసి వచ్చారు. వారి జీవితంలో అంత దూర ప్రయాణం అదొక్కటే. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్లే ఉండేది. దళారీ కంపెనీ అన్యాయం భరించలేక 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో రైతులు సభ చేయడం, పదిహేను రోజులు కంపెనీకి పాలు పోయకుండా నిలబడడం, అదే ఏడాది డిసెంబరులో ఖేడా జిల్లా సంఘం నమోదు కావడం, దానికి తొలి అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్ కావడం వారికి తేదీలతో సహా కంఠస్థం. అమూల్ అనగానే మనకు కురియన్ పేరు స్ఫురిస్తుంది. ఇద్దరికీ, దారా ఖురోడీ గారికీ కలిపి 1963లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. కానీ మా ప్రెసిడెంటు గారు కురియన్‌ను మెచ్చుకుంటూనే, "ఇంజనీరు దొరకవచ్చు. ఊరూరా తిరిగి రైతుల చేత నమ్మించుకున్న మనిషి దొరకడం కష్టం" అని త్రిభువన్‌దాస్ వైపే మొగ్గేవారు. అయితే ఆనంద్‌లో వారి మనసును పట్టుకున్నది కర్మాగారం కాదు. ఒక ఊరి కేంద్రం దగ్గర నిలబడిన వరుస. ఇరవై గేదెల ఆసామి, అర లీటరు పాలు తెచ్చిన ముసలమ్మ వెనుక నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడట. సంఘంలో ఇరవై గేదెలున్నా ఒకటే ఓటు, ఒక గేదె ఉన్నా ఒకటే ఓటు.

ఇక్కడ వెన్న పరీక్షను గురించి కొంచెం చెప్పాలి. మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది చిన్న విషయమే కావచ్చు గాని, మా ఊరికి పెద్ద విషయం. గీతలున్న మెడ గల ఒక గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోసి, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు చేర్చి, బిరడా బిగించి, గిరగిర తిప్పే యంత్రంలో పెడతారు. ఆమ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించివేస్తుంది. విడిపడిన వెన్న మెడలోని గీతల మీద పచ్చని పట్టీలా నిలుస్తుంది. ఎన్ని గీతలో అంత శాతం. ఆవుపాలలో సాధారణంగా నాలుగుకు అటూ ఇటూ, గేదెపాలలో ఆరు నుండి ఎనిమిది వరకు ఉంటుంది. లాక్టోమీటరు ఒక్కటే చాలదా అని కొందరు అడిగేవారు. పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు అంకె దిగుతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది. రెండు పనులూ చేసిన ఘనుడికి అది యోగ్యతాపత్రం ఇచ్చి పంపుతుంది. అందుకని రెండు పరీక్షలూ కావాలి. దళారీ వేలికి తెలియనిది, లేదా తెలిసినా చెప్పనిది, ఆ గీతలు అందరికీ ఒకేలా చెప్పాయి.

పరీక్షలో మొదటి నమూనా ఎప్పుడూ ప్రెసిడెంటు గారి క్యానుదే. అది వారు పెట్టిన నియమం. ఆయనకు ఎనిమిది గేదెలుండేవి, ముర్రా జాతివి. పొద్దున్న నాలుగు గంటలకు తామే కూర్చొని పితికేవారు. తొలి గొట్టం చదివి, అంకె నల్లబల్ల మీద వ్రాసిన తరువాతనే మిగతావారివి. వానాకాలం పచ్చగడ్డి ఎక్కువై వారి పాల వెన్న తగ్గిన రోజులలో, దళితవాడ నుండి వచ్చే ఒక అమ్మ పాలకు వారికంటే ఎక్కువ అంకె పడేది. అప్పుడు, "ఏం మేపుతున్నావమ్మా, మాకూ చెప్పు" అని నిజంగానే అడిగి తెలుసుకొనేవారు. తెలగపిండి ఎంత, తవుడు ఎంత అని ఆమె చెబుతుంటే చేతులు కట్టుకొని వినడం నేను చూశాను. ఆ రోజులలో మా ఊరిలో అది చిన్న దృశ్యం కాదు.

ఆ నల్లబల్ల మీద వ్రాసే పని నాకు పన్నెండవ ఏట దొరికింది. నా దస్తూరి బాగుంటుందని బడిలో మాస్టారు చెప్పారట. ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ. తెలుగు మాకు వీధి భాష, బడి భాష. మొదటి రోజు సభ్యుల పేర్లు వరుసగా వ్రాసి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని, "గారు ఏదీ?" అన్నారు. పెద్ద రైతుల పేర్ల ప్రక్కన 'గారు' పెట్టాను గదా అని చూపించాను. "మిగిలినవారు పోసేవి పాలు కావా?" అన్నారు. ఆనాడు కూర్చొని అరవైమూడు పేర్లకు అరవైమూడు 'గారు'లు వ్రాశాను. బల్ల చాలక అక్షరాలు చిన్నవి చేయవలసి వచ్చింది. తరువాత నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో గౌరవవాచకాలను గురించిన పాఠం విన్నాను. వ్యాకరణం అక్కడ నేర్చుకున్నాను గాని, ఆ రెండక్షరాలకు ఎంత స్థలం కావాలో అప్పటికే తెలుసు.

మా తండ్రిగారు దర్జీ. నాకు ఎనిమిదేళ్ళు ఉండగా 1996లో కాలం చేశారు. అప్పటికి ఇంట్లో ఒకే ఒక పాడి గేదె, అదీ అప్పు మీద కొన్నది. పాల పుస్తకం అబ్బా పేరు మీద ఉండేది. ఆయన పోయాక పదిహేను రోజుల బిల్లు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. బంధువులలో మగవారి పేరు మీదికి మార్చితే మంచిదని సంఘం కార్యదర్శి సలహా. ప్రెసిడెంటు గారు, "గేదెను పితికేది ఎవరు?" అని ఒకే మాట అడిగి, అమ్మ పేరుతో సభ్యత్వం వ్రాయించారు. అమ్మ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. మన విద్యార్థులలో తెలియనివారి కోసం చెబుతున్నాను: భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండే నియమం అది. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. రిజిస్టరును తమ భార్యకు ఇచ్చి మా ఇంటికి పంపారు. పాలు నేను మోసుకువెళ్ళేవాడిని. డబ్బు ఆ తల్లి కొంగున ముడివేసుకొని తెచ్చి, గడప లోపలకు వచ్చి, అమ్మ చేతిలో పెట్టి, కాసేపు కూర్చొని వెళ్ళేది.

ఆ రిజిస్టరులో అమ్మ ఉర్దూలో సంతకం చేసింది. ఆమెకు వచ్చిన లిపి అదొక్కటే. కార్యదర్శి ఇది చెల్లదని, వేలిముద్ర వేయించుకు రావాలని పట్టుపట్టాడు. "చదువు వచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయిస్తావా? చదవలేకపోవడం మన లోటు, ఆమెది కాదు" అని ప్రెసిడెంటు గారు ప్రక్కన తమ సంతకం ధ్రువీకరణగా చేశారు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు, ఎడమ నుండి కుడికి సాగే సంతకాల మధ్య కుడి నుండి ఎడమకు సాగే సంతకం ఒకటి ఆ పుస్తకాలలో ఉంటూ వచ్చింది. ఉర్దూ, తెలుగు రెండు వైపుల నుండి మొదలై మధ్యలో కలిసే మన సంచికను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తుకు వస్తుంది.

రంజాన్ నెలలో సాయంత్రం పాల సేకరణ, ఇఫ్తార్ వేళ ఢీకొనేవి. పాల బండి వచ్చే సమయం ఆయన చేతిలో లేదు. కానీ మా వీధి వారి క్యానులను ముందుగా కొలిచి పంపివేయమని ఆ నెలంతా వారే వచ్చి గుమ్మంలో నిలబడేవారు. దీనిని గురించి ఏనాడూ సభలో చెప్పలేదు.

ఇక ఊరి ప్రెసిడెంటుగా ఆయన చేసిన పనులలో పెద్దది మంచినీటి చెరువు. ఉప్పునేల మీది ఊళ్ళకు ఆ చెరువే ప్రాణం. వేసవిలో కాలువలు కట్టివేయకముందే నింపుకోవాలి. ఆ నీటితోనే తిరిగి కాలువలు వదిలేవరకు గడపాలి. మా చెరువులో మనుషులు ఒక రేవున నీళ్ళు ముంచుకొనేవారు, ఎదుటి రేవున గేదెలు పడుకొనేవి. గేదెకు చర్మం నల్లన, చెమట తక్కువ. మధ్యాహ్నపు ఎండకు నీటిలో దిగకపోతే పాలు తగ్గుతాయి. ఈ విషయం ఊరిలో అందరికంటె బాగా తెలిసిన మనిషే చెరువు చుట్టూ ముళ్ళకంచె వేయించి, ఇక ఏ గేదె దిగినా బందెలదొడ్డికే అని దండోరా వేయించారు. గేదెల కోసం ఊరి చివర మరొక గుంట త్రవ్వించారు గాని, అది దూరం, నీరు తక్కువ. పాడి ఉన్న ప్రతి ఇంటా సణుగుడు మొదలైంది. నాలుగవ రోజు కంచె తప్పించుకొని మొదట చెరువులో దిగినవి ప్రెసిడెంటు గారి గేదెలే. పాలేరు కునికాడు. ఆయన వాటిని బందెలదొడ్డికి తోలించి, జరిమానా కట్టి, రసీదు తీసుకొని, దానిని పాలకేంద్రం నల్లబల్ల అంచున గుచ్చారు. ఆ పూట వాటిని దొడ్డిలోనే పితికారు.

ఆ తరువాతి వేసవులలో విరేచనాల జబ్బులు తగ్గాయని అమ్మలు చెప్పుకొనేవారు. అయినా సణుగుడు పోలేదు. దానికి తోడు ఇంటి పన్ను, కుళాయి పన్ను బకాయిలు ఒక్క రూపాయి వదలకుండా వసూలు చేశారు. సంఘం నిధి నుండి ముందస్తు సొమ్ము ఎవరికీ ఇవ్వనని భీష్మించారు. కూతురి పెళ్ళికి సాయం అడిగిన ఒక పేద సభ్యుడికి కూడా సంఘం సొమ్ము కాదని, తమ జేబులో నుండి కొంత ఇవ్వబోయారు. అతడు అది పుచ్చుకోక, కన్నీళ్ళతో వెళ్ళిపోయాడు. ఈ విషయంలో ఆయన చేసింది సరికాదని నా అభిప్రాయం. సభ్యుని పాల లెక్క పుస్తకంలో ఉన్నది, నెలనెలా మినహాయించుకోవచ్చు; దళారీ ఇచ్చే అప్పుకు, సంఘం ఇచ్చే అప్పుకు తేడా చూపించే అవకాశం అది. దళారీ కాలం చూసిన మనిషికి ముందస్తు సొమ్ము అన్న మాటే ఉరితాడులా కనిపించేదేమో.

2001 ఎన్నికలలో వారు ఓడిపోయారు. తేడా కొద్ది ఓట్లే. మా ఇంటి ముందు నుండి ఊరేగింపు వెళుతుంటే అమ్మ తలుపు మూసింది. ఊరిలో ఎవరిని అడిగినా ఆయన దేవుడంటివాడు అనేవారు. అలా అన్నవారి చేతులే ఆ ఓట్లు వేశాయి. ఇందులో కపటం ఉందని నేను అనుకోను. మంచినీరు అందరికీ కావాలి, కంచె ఎవరికీ వద్దు. మనుషులు ఒకే రోజున రెండూ నిజంగానే కోరుకోగలరు. రాజనీతిశాస్త్రం బోధించే నా మిత్రులు దీనికి పెద్ద పేరు చెబుతారేమో. నేను చూసింది మాత్రం మరునాటి ఉదయం. ఐదున్నరకు ఆయన క్యాను ఎప్పటివలె మొదట దిగింది. వరుసలో వెనుక నిలబడినవారు తలలు వంచుకున్నారు. ఆయన నన్ను చూసి, "అంకె వ్రాయి బాబూ, ఏడు పాయింటు రెండు" అన్నారు. గెలిచిన ప్రెసిడెంటు గారి పేరు ప్రక్కన కూడా ఆ రోజు 'గారు' ఉందా లేదా అని ఒకసారి బల్ల వైపు చూశారు. ఉంది.

కంచెను కొత్తవారు తీయించలేదు. దండోరా సంగతి మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తరువాతి కథ చాలా ఊళ్ళ కథే. ప్రైవేటు పాల వ్యాపారులు వచ్చారు, కొన్నాళ్ళు లీటరుకు రూపాయి ఎక్కువ ఇచ్చారు, పశువులు కొనడానికి ముందస్తు సొమ్మూ ఇచ్చారు. సభ్యులలో సగానికి పైగా అటు వెళ్ళారు. పాలు దండిగా ఉండే చలికాలంలో ఆ వ్యాపారి ఒకరు కొనుగోలు తగ్గించినప్పుడు కొందరు తిరిగి వచ్చారు. వచ్చినవారిని ప్రెసిడెంటు గారు ఒక్క మాట అనలేదు. "వరుసలో నిలబడండి" అన్నారంతే. మోకాళ్ళు సహకరించక పితకడం మానినప్పుడు ఎనిమిది గేదెలు రెండయ్యాయి. అధ్యక్ష పదవిని తామే వదులుకున్నారు.

వారు పోయారని ఫోను వచ్చిన రోజు నేను తరగతిలో ఉన్నాను. సాయంత్రానికి ఊరు చేరాను. శవయాత్ర వెళ్ళే దారి మా మసీదు ముందు నుండే. అసర్ నమాజు ముగించిన వారు అలాగే టోపీలతో వెళ్ళి వంతులవారీగా భుజం పట్టారు. అమ్మ ఇంట్లో కూర్చొని, ఇనుప పెట్టెలో నుండి పాత పాల పుస్తకాలు తీసి, వాటి మీద ఆయన సంతకాలు చూసుకుంటూ ఉంది. ఒక్కటి కూడా పారవేయలేదని నాకు అప్పటివరకు తెలియదు.

నిరుడు వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు పాలకేంద్రానికి వెళ్ళాను. గాజు గొట్టాలు, గంధకామ్లం ఇప్పుడు లేవు. నమూనా పెడితే క్షణాలలో వెన్న, ఇతర ఘనపదార్థాలు లెక్కకట్టి చీటీ ముద్రించే యంత్రం వచ్చింది. నల్లబల్ల ఉంది గాని దాని మీద ఏమీ వ్రాయడం లేదు. ఇప్పటి ప్రెసిడెంటు ఒక స్త్రీ. ఒకనాడు తెలగపిండి, తవుడు లెక్క చెప్పిన ఆ దళితవాడ అమ్మకు కోడలు. నేను వెళ్ళేసరికి తలుపు తీసి, యంత్రం కడిగి, తన క్యాను మూత విప్పుతోంది. మొదటి చీటీ ఆమెదే. చించి నా చేతికి ఇచ్చింది. పేరు, ప్రక్కన గారు, వెన్న 6.8.